శ్రీ నీలం సంజీవరెడ్డిగారు: వారి జయాపజయములు



మన సంఘ వార్షిక మహాసభా సంచికకు, మన సీమలో జన్మించి కీర్తిశేషులైన ఒక మహనీయుని చరిత్రమును వ్రాయవలసినదని కార్యనిర్వాహకులు నన్ను కోరిరి. అట్టివారిని తలంచినప్పుడు శ్రీ నీలం సంజీవరెడ్డిగారి నామము ప్రథమమున స్ఫురించుట సహజము. వారి చిత్రపటము లేని సభామంటపము మనకు అరుదు. ఆంధ్రప్రదేశ్ ప్రథమ ముఖ్యమంత్రి, లోక్‌సభ స్పీకరు, భారత రాష్ట్రపతి అని ఆ పటము క్రింద పదవులను బిరుదములవలె వ్రాయించి, ఏటేట పూలమాల వేసి, కృతార్థులమైతిమని మనము తలంచుచున్నాము.

ఆ పదవుల పట్టిక మన పిల్లలకు సైతము కంఠస్థము. దానినే మరల ఏకరువు పెట్టుట నా యుద్దేశము కాదు. ఏ నియోజకవర్గము వారిని వరించెను, ఏది నిరాకరించెను, నిరాకరింపబడిన నాడు వారేమి చేసిరి అనునదియే ఈ వ్యాసమునకు విషయము. ఉత్తీర్ణుడైన విద్యార్థికంటె తప్పి మరల చదివిన విద్యార్థిని ఎక్కువగా జ్ఞాపకముంచుకొనుట ఉపాధ్యాయవృత్తిలో నుండినవారికి అలవాటు. ఆ యలవాటు నన్నింకను విడువలేదని పాఠకులు మన్నింతురుగాక.

జన్మభూమి

అనంతపురము సీమ ఉన్నతమైన పీఠభూమి. నైరృతి మేఘములు సహ్యాద్రికి ఆవలనే తమ జలమును కురిసివేయును. తూర్పు సముద్రపు వానలు ఇంత దూరము వచ్చునప్పటికి అలసిపోవును. సంవత్సరమునకు సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే ఇచ్చటి ప్రాప్తము. అదియు అదనున కురియుట దైవాధీనము. పెన్న, చిత్రావతి, వేదవతి అని నదుల పేర్లు మధురముగనే యున్నవి. కాని సంవత్సరములో అధికభాగము వానియందు కనబడునది ఇసుకయే. 1876వ సంవత్సరమున ప్రారంభమైన ధాత కరవు ఈ సీమను ఎట్లు పాడుచేసెనో మన తాతల నోట వినినవారు ఇంకను కొందరున్నారు. బళ్ళారి నుండి విడదీసి 1882లో అనంతపురమును ప్రత్యేక జిల్లాగా చేసిరి. 2022 ఏప్రిల్ 4వ తేదీన ఆ జిల్లా మరల రెండయినది. పెనుకొండ, హిందూపురము శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినవి.

ఈ భూవర్ణనము నిష్కారణముగా చేయలేదు. వాన లేని సీమలో ఓటరు స్వభావము వేరు. వేరుశనగ విత్తి నాలుగు నెలలు ఆకాశమువంక చూచువాడు పెద్దరికమును చూచి తృప్తిపడడు. చెరువునకు నీరెప్పుడు వచ్చునని అడుగును. సమాధానము రానిచో, నిలిచినవాడు ఎంతటి యింటివాడైనను, మరియొకని వైపు చూచును. సంజీవరెడ్డిగారి జీవితము ఈ సత్యమునకు చక్కని నిదర్శనము.

బాల్యము, విద్య, దేశసేవ

వారు 1913వ సంవత్సరము మే నెల 19వ తేదీన అనంతపురము జిల్లా ఇల్లూరు గ్రామమున కలిగిన వ్యవసాయ కుటుంబమున జన్మించిరి. మద్రాసు అడయారులోని దివ్యజ్ఞాన సమాజ పాఠశాలలో చదివి, పిదప అనంతపురము ప్రభుత్వ కళాశాలలో చేరిరి. 1929లో మహాత్మా గాంధీగారు అనంతపురమునకు విచ్చేసిరి. ఆ దర్శనము బాలుని మనస్సును మార్చివేసెను. విదేశీ వస్త్రములను విడిచి ఖద్దరు ధరించిరి. 1931లో చదువునకు స్వస్తి చెప్పి సత్యాగ్రహమున దిగిరి. పట్టము లేని యువకుడు తరువాతి కాలమున ఒక విశ్వవిద్యాలయ స్థాపనకు తోడ్పడెను. 1958లో తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము వారికి గౌరవ డాక్టరు పట్టము నొసగినది.

1935లో వారు తరిమెల గ్రామపు ఆడపడుచు నాగరత్నమ్మగారిని వివాహమాడిరి. ఆమె సోదరుడు తరిమెల నాగిరెడ్డిగారు. ఈ బంధుత్వమును పాఠకులు గుర్తుంచుకొనవలయును. కథలో దీనికి ముందు ముందు పని కలదు.

1938లో, ఇరువదియైదేండ్ల ప్రాయమున, సంజీవరెడ్డిగారు ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెసు సంఘమునకు కార్యదర్శి అయిరి. పదియేండ్లు ఆ బాధ్యతను వహించిరి. 1940 మొదలు 1945 వరకు వారి కాలమధికభాగము కారాగారములయందే గడచినది. 1942 మార్చిలో విడుదలయై, ఆగస్టులో మరల బంధింపబడి అమరావతి కారాగారమునకు పంపబడిరి. ఇది కృష్ణాతీరపు అమరావతి కాదు, విదర్భ దేశపు అమరావతి. అచ్చట టంగుటూరి ప్రకాశం పంతులుగారు, సత్యమూర్తిగారు, కామరాజుగారు, వరాహగిరి వేంకటగిరిగారు వారికి సహవాసులు. ఒకే గోడల నడుమ నివసించిన ఈ పెద్దలలో ఇరువురు పిమ్మట వారికి ప్రతిపక్షమున నిలిచిరి. వారిలో ఒకరి క్రింద వీరు మనఃపూర్వకముగా పనిచేసిరి, మరియొకరి చేతిలో ఓడిపోయిరి. కాలము మిత్రులను ప్రత్యర్థులుగను, ప్రత్యర్థులను మిత్రులుగను మార్చుచుండును.

1946లో మద్రాసు శాసనసభకు ఎన్నికయై, భారత రాజ్యాంగ నిర్మాణసభలో సభ్యులైరి. 1949 మొదలు 1951 వరకు మద్రాసు మంత్రివర్గమున మద్యనిషేధము, గృహనిర్మాణము, అడవులు అను శాఖలను నిర్వహించిరి. 1951లో ఆచార్య రంగాగారితో పోటీపడి ఆంధ్ర కాంగ్రెసు సంఘాధ్యక్ష పదవిని గెలిచిరి. అంతవరకు వారి జీవితము మెట్టు తరువాత మెట్టుగా పైకే సాగినది.

పెనుకొండ అను నియోజకవర్గము

ఇంతలో 1952వ సంవత్సరపు సాధారణ ఎన్నికలు వచ్చినవి. ఇరువదియొక సంవత్సరములు నిండిన ప్రతి స్త్రీకి, ప్రతి పురుషునకు ఓటు లభించిన మొదటి ఎన్నికలవి. అంతకుముందు పన్ను కట్టువారికి, చదువుకొన్నవారికి మాత్రమే ఉండిన హక్కు కూలివానికి, నేతగానికి, గొఱ్ఱెల కాపరికి గూడ వచ్చినది. చదువు రానివారికి సుకరముగా నుండునట్లు అభ్యర్థి కొక పెట్టె వంతున ఉంచి, దానిపై గుర్తు నతికించిరి. కాంగ్రెసునకు కాడియెద్దులు, కమ్యూనిస్టులకు కంకి కొడవలి, కిసాన్ మజ్దూర్ ప్రజాపార్టీకి గుడిసె.

ఆనాడు మన జిల్లాకు రెండు పార్లమెంటు నియోజకవర్గములు: అనంతపురము, పెనుకొండ. 1565లో తళ్ళికోట యుద్ధానంతరము విజయనగర ప్రభువులకు రాజధానియైన పెనుకొండకు, ప్రజాస్వామ్యమున ఒక లోక్‌సభా స్థానముగా నిలుచు గౌరవము దక్కినది. అనంతపురమునుండి కాంగ్రెసు అభ్యర్థి పైడి లక్ష్మయ్యగారు గెలిచిరి. పెనుకొండలో కాంగ్రెసునకు జయము కలుగలేదు. ప్రకాశం పంతులుగారు ఆంధ్రదేశమున నడిపించిన కిసాన్ మజ్దూర్ ప్రజాపార్టీ తరఫున కె. ఎస్. రాఘవాచారిగారు అచ్చట ఎన్నికైరి. గుడిసె గుర్తు కాడియెద్దులను మించినది.

ఈ పెనుకొండ పార్లమెంటు స్థానము ఆయుర్దాయము ఒక్క ఎన్నిక మాత్రమే. 1957 ఎన్నికలనాటికి హద్దులు మారి దాని స్థానమున హిందూపురము నియోజకవర్గము వెలసినది. పెనుకొండ శాసనసభా స్థానముగా మాత్రము మిగిలినది. ఈ సంగతి మన యువకులలో పెక్కుమందికి తెలియదు. ఆ ఒక్క ఎన్నిక చెప్పిన మాటను సీమ మరువలేదని తరువాతి ఫలితములు తెలుపుచున్నవి.

బావ, బావమరది

అదే 1952లో సంజీవరెడ్డిగారు అనంతపురము శాసనసభా స్థానమునకు నిలిచిరి. ఆంధ్ర కాంగ్రెసునకు అధ్యక్షులు, నిన్నటివరకు మంత్రి, స్వాతంత్ర్య సమరమున ఏండ్లతరబడి చెరసాలలు చూచినవారు. వారికి ఎదురుగా నిలిచినది పరాయివాడు కాదు, సాక్షాత్తు వారి బావమరదియే. 1917లో తరిమెలలో జన్మించి, మద్రాసు లొయోలా కళాశాలలోను, కాశీ హిందూ విశ్వవిద్యాలయములోను చదివిన నాగిరెడ్డిగారు కమ్యూనిస్టు పార్టీ అభ్యర్థి. వారు చెరసాలలో నుండియే పోటీచేసిరి.

ఆలోచింపుడు. రెండు పెట్టెలు ప్రక్కప్రక్కన నున్నవి. ఒకదానిపై కాడియెద్దులు, మరియొకదానిపై కంకి కొడవలి. ఇరువురును మన కులమువారే, ఇరువురును కలిగిన యింటివారే, ఇరువురును బంధువులే. కులమును చూచి ఓటు వేయవలెనన్న సూత్రము ఇచ్చట ఎందులకు పనికివచ్చును? గోత్రనామములు అడిగి తీర్పు చెప్పుటకు అవకాశమే లేదు. ఓటరు తన బుద్ధిని ఉపయోగింపక తప్పలేదు. ఉపయోగించి, అధికారములో నున్న బావను విడిచి, చెరసాలలో నున్న బావమరదిని వరించినాడు. భారతకథయందు జ్ఞాతులు రాజ్యము కొఱకు కురుక్షేత్రమున పోరి ఉభయ కులములను నాశనము చేసికొనిరి. ఇచ్చట తీర్పు చెప్పినది గద కాదు, కాగితము. నెత్తురు చుక్క చిందలేదు. పెండ్లిపందిరి ఒకటి, ఓటుపెట్టె వేఱొకటి అని మన సీమ ఆనాడే నేర్చుకొన్నది.

ఆ యేడు ఓడినవారు సంజీవరెడ్డిగారు ఒక్కరే కాదు. మద్రాసు ముఖ్యమంత్రి కుమారస్వామి రాజాగారు సైతము ఓడిపోయిరి. 375 స్థానములుగల మద్రాసు శాసనసభలో కాంగ్రెసునకు 152 మాత్రమే దక్కినవి. ఐనను పరుల యోటమి మన యోటమికి ఔషధము కాదు. స్వగ్రామమునకు కూతవేటు దూరమున నున్న పట్టణమే తమ్ము కాదన్నప్పుడు ముప్పదియెనిమిదేండ్ల నాయకుని మనస్సు ఎట్లుండునో ఊహింపవచ్చును.

వారేమి చేసిరి? పార్టీని విడువలేదు. సీమపై అలుగలేదు. సంఘాధ్యక్షులుగా పని చేసికొనుచు పోయిరి. 1953 అక్టోబరు 1వ తేదీన కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రము అవతరించినప్పుడు ప్రకాశం పంతులుగారు ముఖ్యమంత్రి, సంజీవరెడ్డిగారు ఉపముఖ్యమంత్రి. ఏడాదిన్నర క్రిందట పెనుకొండలో కాంగ్రెసును ఓడించిన పక్షమునకు నాయకులైన పెద్దలను ముఖ్యమంత్రిగా అంగీకరించి, వారి క్రింద పనిచేయుటకు నామోషీ పడలేదు. ఓటమి వారికి నేర్పిన మొదటి పాఠమిదియని నా అభిప్రాయము.

ముఖ్యమంత్రిత్వము

1956 నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశ్ ఏర్పడినది. దానికి ప్రథమ ముఖ్యమంత్రి మన ఇల్లూరు రెడ్డిగారు. 1960 జనవరి వరకు ఆ పదవిలో నుండి, 1960 మొదలు 1962 వరకు అఖిల భారత కాంగ్రెసునకు అధ్యక్షత వహించి, 1962 మార్చిలో మరల ముఖ్యమంత్రి అయిరి. మొదటి పర్యాయము వారు శాసనసభలో చిత్తూరు జిల్లా శ్రీకాళహస్తికి, రెండవ పర్యాయము కర్నూలు జిల్లా డోనుకు ప్రతినిధులు. స్వజిల్లా స్థానము రెండు పర్యాయములును కాదు.

మరియొక విశేషము వినుడు. 1957లో బావగారు హైదరాబాదులో ముఖ్యమంత్రి పీఠమున కూర్చుండియుండగా, అనంతపురము పార్లమెంటు స్థానము కమ్యూనిస్టు అభ్యర్థియైన బావమరదిని లోక్‌సభకు పంపినది. క్రొత్తగా ఏర్పడిన హిందూపురము కాంగ్రెసు అభ్యర్థి కె. వి. రామకృష్ణారెడ్డిగారిని ఎన్నుకొనెను, 1962లో మరల వారినే నిలుపుకొనెను. ముఖ్యమంత్రి స్వజిల్లాలో ఒక స్థానము ప్రతిపక్షము పాలగుట నేటి నాయకులకు తలవంపుగా తోచవచ్చును. ప్రజాస్వామ్యము తలయెత్తి నిలిచిన చిహ్నముగా నాకు తోచుచున్నది.

వారి పాలనలో మెచ్చదగినవి పెక్కు. 1955 డిసెంబరులో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరము పనులు వారి కాలమున సాగినవి. 1963లో శ్రీశైలము ఆనకట్టకు శంకుస్థాపన జరిగినది. 1959లో పంచాయతీరాజ్య విధానమును ప్రవేశపెట్టిన తొలి రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. గ్రామమునకు, సమితికి అధికారము వచ్చినది.

ఆక్షేపింపదగినవియు కలవు. వానిని దాచుట చరిత్రకారునకు ధర్మము కాదు. 1956నాటి పెద్దమనుష్యుల ఒప్పందముపై వారును సంతకము చేసినవారే. ముఖ్యమంత్రి ఒక ప్రాంతమువాడైనచో ఉపముఖ్యమంత్రి రెండవ ప్రాంతమువాడు కావలెనని అందు కలదు. కాని వారి తొలి మంత్రివర్గమున తెలంగాణమునకు ఉపముఖ్యమంత్రి పదవి ఈయబడలేదు. ఆ కొఱత ఎంతకాలము ఎందరి మనస్సులలో ముల్లుగా నుండెనో, 2014లో రాష్ట్రము రెండైన తరువాత మనకు చెప్పనక్కరలేదు.

1964లో కర్నూలు జిల్లా బస్సు మార్గముల జాతీయీకరణ వ్యాజ్యెము సుప్రీముకోర్టుకు వెళ్ళినది. రాజకీయ ప్రత్యర్థులకు నష్టము కలుగవలెనని ముఖ్యమంత్రియే ఆ జిల్లాను ముందుగా ఎంపిక చేయించిరని బస్సుల యజమానులు ఆరోపించిరి. ఆ యారోపణకు ముఖ్యమంత్రి స్వయముగా ప్రమాణపత్రముతో సమాధానము ఈయకపోవుటను న్యాయస్థానము గణించి, పథకమును కొట్టివేసెను. తీర్పు తమ్ము వేలెత్తి చూపినదని గ్రహించి, సంజీవరెడ్డిగారు ఆ ఫిబ్రవరిలోనే పదవిని త్యజించిరి. పీఠమును పట్టుకొని వ్రేలాడలేదు. తప్పు జరిగినదా లేదా అని నేటికిని వాదించువారుందురు. తీర్పు వచ్చిన తరువాత వాదింపక దిగిపోవుట మాత్రము ఎల్లరకు ఆదర్శము.

హిందూపురము పంపిన స్పీకరు

అటుపిమ్మట లాల్ బహదూర్ శాస్త్రిగారి మంత్రివర్గమున ఉక్కు, గనుల శాఖను, శ్రీమతి ఇందిరాగాంధీగారి మంత్రివర్గమున రవాణా, విమానయాన, నౌకా, పర్యటన శాఖలను నిర్వహించిరి. 1967 సాధారణ ఎన్నికలలో హిందూపురము నియోజకవర్గమునుండి లోక్‌సభకు నిలిచి గెలిచిరి. అనంతపురము నిరాకరించిన పదునైదేండ్లకు, 1952లో పెనుకొండగా నుండిన దక్షిణ భాగము వారిని ఆదరించినది. వారి రాజకీయ జీవితమున స్వజిల్లా వారిని పార్లమెంటునకు పంపినది ఈ యొక్కసారియే.

1967 మార్చి 17వ తేదీన లోక్‌సభ స్పీకరు ఎన్నిక జరిగినది. ప్రతిపక్షములు నిలిపిన అభ్యర్థియు తెలుగువారే, విశాఖపట్టణపు తెన్నేటి విశ్వనాథముగారు. సంజీవరెడ్డిగారికి 278 ఓట్లు, విశ్వనాథముగారికి 207 ఓట్లు వచ్చినవి. ఎన్నికైన వెంటనే వారు తమ కాంగ్రెసు సభ్యత్వమునకు రాజీనామా ఇచ్చిరి. న్యాయము చెప్పు పీఠమున కూర్చుండువానికి పక్షముండరాదని వారి మతము. యౌవనమునుండి ప్రాణప్రదముగా చూచుకొన్న సంస్థను వదలుట సులభము కాదు. గ్రామ పంచాయతీలో తీర్పు చెప్పు పెద్ద తన బంధువుల అరుగుమీద కూర్చుండరాదని మన పల్లెలలో నున్న నీతియే ఇది. వారు దానిని ఢిల్లీలో ఆచరించిరి.

అల్పాంతరపు ఓటమి

1969 మే 3వ తేదీన రాష్ట్రపతి జాకీర్ హుస్సేనుగారు పరమపదించిరి. కాంగ్రెసు పక్షము సంజీవరెడ్డిగారిని అభ్యర్థిగా నిర్ణయించినది. వారు స్పీకరు పదవిని వదలి పోటీలో నిలిచిరి. అప్పటివరకు తాత్కాలిక రాష్ట్రపతిగా నుండిన వేంకటగిరిగారు స్వతంత్రులుగా ఎదుట నిలిచిరి. ఆ గిరిగారు అమరావతి చెరసాలలోని పూర్వ సహవాసియే. ప్రధానమంత్రి ఇందిరాగాంధీగారు తమ పక్షమువారికి అంతరాత్మ ప్రబోధము ననుసరించి ఓటు వేయుడని స్వేచ్ఛ నిచ్చిరి. తాను నిలిచిన పక్షమే తన్ను నిలుపునో కూల్చునో తెలియని స్థితి సంజీవరెడ్డిగారిది.

ఆగస్టు 16వ తేదీన ఓట్లు పడినవి, 20వ తేదీన లెక్కింపబడినవి. ప్రథమ ప్రాధాన్యములో గిరిగారికి 4,01,515, సంజీవరెడ్డిగారికి 3,13,548, దేశ్‌ముఖ్ గారికి 1,12,769 విలువగల ఓట్లు వచ్చినవి. ఎవరికిని సగము మించలేదు. ద్వితీయ ప్రాధాన్యములను కలుపగా గిరిగారికి 4,20,077, సంజీవరెడ్డిగారికి 4,05,427 అయినవి. ఎనభైవేలకు మించిన అంతరము పదునైదువేల లోపునకు దిగివచ్చెను, కాని గెలుపు రాలేదు. ఆ సంవత్సరము ముగియక మునుపే కాంగ్రెసు రెండుగా చీలినది.

ఇంతకన్న పెద్ద అవమానము రాజకీయమున ఏమి కలదు? వారు అనంతపురమునకు వచ్చి వ్యవసాయమున మునిగిరి. ఢిల్లీలో ఓడినవానికి కరవు సీమయే ఆశ్రయ మిచ్చినది. ఆకాశముపై ఆశతో విత్తి, పండకపోయినను మరుసటి యేడు మరల విత్తుట ఈ నేల రైతునకు అలవాటు. ఆ యలవాటు వారికిని పట్టుబడినది.

ఒక్కడు

1975లో జయప్రకాశ నారాయణగారి పిలుపున వారు మరల ప్రజాక్షేత్రమునకు వచ్చిరి. 1977 మార్చి ఎన్నికలలో జనతా పార్టీ అభ్యర్థిగా నంద్యాల నుండి లోక్‌సభకు నిలిచిరి. ఉత్తర దేశమంతట కాంగ్రెసు కూలిన ఆ యేడు ఆంధ్రప్రదేశ్ మాత్రము కాంగ్రెసును విడువలేదు. 42 స్థానములలో 41 కాంగ్రెసువే. మిగిలిన ఆ యొక్కటి నంద్యాల. అనంతపురమునుండి దారూరు పుల్లయ్యగారు, హిందూపురమునుండి బాయపరెడ్డిగారు కాంగ్రెసు పక్షముననే గెలిచిరి. పదేండ్ల క్రిందట తమ్మెన్నుకొన్న స్వజిల్లా ఈసారి ఎదుటి పక్షమున నుండగా, ప్రక్క జిల్లా వారిని ఢిల్లీకి పంపినది.

మార్చి 26వ తేదీన మరల స్పీకరు అయిరి. రాష్ట్రపతి పదవికి ఎన్నిక రాగా జూలైలో దానిని వదలిరి. 37 మంది నామపత్రములు దాఖలు చేయగా 36 తిరస్కరింపబడినవి. ఎనిమిదేండ్ల క్రిందట చేతికంది జారిన పదవి ఏకగ్రీవముగా వారిని వరించెను. 1977 జూలై 25వ తేదీన ప్రమాణస్వీకారము చేసిరి. నాగిరెడ్డిగారు ఆ దినమును చూడలేదు. అంతకు ఒక సంవత్సరము ముందే, 1976 జూలై 28వ తేదీన, అత్యయిక పరిస్థితి నడుచుచుండగా వారు అస్తమించిరి.

రాష్ట్రపతిగా సంజీవరెడ్డిగారు మొరార్జీ దేశాయిగారు, చరణ్ సింగుగారు, ఇందిరాగాంధీగారు అను మువ్వురు ప్రధానులతో వ్యవహరించిరి. 1979 ఆగస్టులో చరణ్ సింగుగారు లోక్‌సభ విశ్వాసమును కోరకయే రాజీనామా చేసినప్పుడు, జగ్జీవన్ రాముగారికి అవకాశ మీయక సభను రద్దుచేసిరని వారిపై తీవ్ర విమర్శ వచ్చినది. ఆ విమర్శ నేటికిని సమసిపోలేదు. 1980 జనవరిలో ప్రజలు తీర్పు చెప్పిరి. పూర్వము తమ యోటమికి కారణమైన ఇందిరాగాంధీగారే గెలిచి రాగా, వారిచేత ప్రధానమంత్రిగా ప్రమాణము చేయించిరి. వ్యక్తిగత వైరమునకు ఆ పీఠమున చోటు లేదని వారెరుగుదురు.

1982 జూలై 25వ తేదీన పదవీకాలము ముగిసినది. కర్ణాటక ముఖ్యమంత్రి రామకృష్ణ హెగ్డేగారు బెంగుళూరున నివసింప ఆహ్వానించినను, వారు అనంతపురమునందలి తమ వ్యవసాయక్షేత్రమునే కోరుకొనిరి. 1996 జూన్ 1వ తేదీన, ఎనుబదిమూడేండ్ల ప్రాయమున, బెంగుళూరులో పరమపదించిరి.

మనవి

సోదరులారా, ఇప్పుడు లెక్క చూచుకొందము. స్వపట్టణమున ఓడించినది మన కులమువాడే. రాష్ట్రపతి ఎన్నికలో ఓడుటకు కారణమైనది స్వపక్షమే. శాసనసభకు పంపినవి శ్రీకాళహస్తి, డోను. చివరిసారి లోక్‌సభకు పంపినది నంద్యాల. ఆ యూళ్ళలో ఓటు వేసినవారు కమ్మరులు, కుమ్మరులు, నేతవారు, హరిజనులు, మహమ్మదీయులు, ఎల్ల వర్ణములవారు. మన యోట్లు మాత్రమే లెక్కించినచో వారు ఏ సభలోను అడుగుపెట్టి యుండరు. అనంతపురము 1962లో ఉస్మాన్ ఆలీఖానుగారిని, హిందూపురము 2004లో నిజాముద్దీనుగారిని లోక్‌సభకు పంపుట గూడ మన సీమ గౌరవమే. అందు మన యోట్లును కలవు.

ప్రతి యెన్నికకు ముందు మన సభలలో ఒక తీర్మానము వినబడుచుండును. మనవారికి ఇన్ని స్థానములు కావలెనని, మనవారు మనవారికే ఓటు వేయవలెనని దాని సారాంశము. పెద్దలైన పోషకులు కోపగింపకుందురుగాక. ఈ తీర్మానమును సంజీవరెడ్డిగారి పటము క్రింద కూర్చుండి చేయుట వారి చరిత్రమునకు తగదు. స్పీకరు పీఠమునకై పార్టీనే వదలినవారి పేరిట కులపక్షపాతమును కోరుట ఎట్లు సమంజసము? మన సంఘము చేయదగిన పనులు వేఱుగ కలవు. బీద విద్యార్థులకు వసతిగృహములు, పూడిన చెరువులకు మరమ్మతు, ఆడపిల్లల చదువు. వీనియందు ఏ కులమువాడు వచ్చి నీరు త్రాగినను, చదువుకొన్నను మన సొమ్ము పోదు.

నా ప్రార్థన మరియొకటి, మిక్కిలి చిన్నది. సభామంటపమునందలి ఆ చిత్రపటము క్రింద పదవుల పేర్లు వ్రాయించియున్నారు. వానితోపాటు 1952, 1969 అను రెండు సంవత్సరములను గూడ వ్రాయింపుడు. దాని ప్రక్కన తరిమెల నాగిరెడ్డిగారి పటమునకు గూడ చోటిండు. బాలురు వచ్చి ఈ యేండ్లేమిటని, ఈ రెండవవారెవరని అడుగుదురు. ఆ 1952లో బావ ఓడి బావమరది గెలిచెననియు, 1969లో ఎల్ల భారతము చూచుచుండగా ఓడిరనియు, ఓడిన రెండుమార్లును అలుగక మరల పనిలోనికి వచ్చిరనియు మనము చెప్పుదము. పదవులు కొందరికే లభించును. ఓటమి ఎల్లరకును వచ్చును. కావున మన పిల్లలకు ఎక్కువగా ఉపయోగించు పాఠము పటముపై ఇంకను వ్రాయని ఆ రెండంకెలలోనే కలదని విన్నవించుచు ఈ వ్యాసమును ముగించుచున్నాను.

శుభమస్తు.